వాపసొచ్చిన పన్నులో పదోవంతు

మా ఇంట్లోకి వచ్చిన రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడిగేవారు కాదు. వచ్చిందా, అందులో పదోవంతు దేవునిది. నాన్నగారి జీతంలోనే కాదు, అమ్మ పెరట్లో కోళ్ల గుడ్లు అమ్మితే వచ్చిన అణాల్లోనూ పదోవంతు తీసేవాళ్లం. ఒకసారి మోండా మార్కెట్లో తెలిసిన కూరగాయలామె అమ్మకు గుమ్మడికాయ ఊరికే ఇచ్చింది. నాన్నగారు దాన్ని చేత్తో ఎత్తి చూసి, ఐదణాలు చేస్తుందని తేల్చి, అర్ధణా పక్కన పెట్టించారు.

"కాయ మనం తిని, దేవుడికి అర్ధణానా?" అని అమ్మ నవ్వింది.

"నవ్వకు. తిన్నావుగా," అన్నారాయన.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడిన క్రైస్తవులం. రాంగోపాల్‌పేట్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. నాన్నగారు అక్కడికి నాలుగు సందుల అవతల ఒక ఇనుప సామాను కంపెనీలో హెడ్ గుమాస్తా. మా సంఘంలో ప్రతి కుటుంబానికీ ఏటా ఒక పసుపుపచ్చ కార్డు ఇచ్చేవారు. దాని మీద నాలుగు గళ్లు: నెల, ఆదాయము, దశమభాగము, కోశాధికారి సంతకం. మొదటి మూడు గళ్లు ఇంట్లో మేమే నింపి, డబ్బు కవరులో పెట్టి, ఆదివారం కార్డుతో పాటు ఇస్తే కోశాధికారి సంతకం పెట్టి తిరిగి ఇచ్చేవారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని పన్నెండో ఏట ఆ పని నాకు అప్పగించారు. డైరీ రాయడం కూడా ఆ ఏడాదే మొదలుపెట్టాను. ఇప్పుడు రాస్తున్న ఈ సంగతులన్నీ ఆ డైరీల్లో ఉన్నవే. తడిసిపోయిన నాలుగైదు పేజీలు మాత్రం జ్ఞాపకం మీద రాస్తున్నాను.

పోలీసు చర్యకు కొంచెం ముందు హైదరాబాదు రాజ్యంలో ఆదాయపు పన్ను వచ్చింది. నాన్నగారి కంపెనీ ఆ ఏడు అందరికీ మంచి బోనసు ఇస్తామని చెప్పింది. చెప్పడమే కాక, ఆ బోనసు కూడా లెక్కలో వేసి దాని మీద పడబోయే పన్నును ముందుగానే నెలనెలా జీతంలోంచి కోసింది. తరువాత రజాకార్ల గొడవలు ముదిరాయి. రైళ్లు సరిగా నడవలేదు, సరుకు రాలేదు. సెప్టెంబరులో ఆ నాలుగైదు రోజులూ మేము తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉన్నాం. విమానం చప్పుడు వినబడ్డప్పుడల్లా అమ్మ పొయ్యి ఆర్పేది, ఎందుకో ఆమెకే తెలియదు. తరువాత సైన్యం వచ్చింది, వీధుల్లో జెండాలు మారాయి, కంపెనీ మళ్లీ తెరిచారు. బోనసు మాత్రం ఇవ్వలేదు. ఇవ్వని బోనసు మీద కోసిన పన్ను సర్కారు దగ్గర ఉండిపోయింది.

నాన్నగారు దాని కోసం అర్జీ పెట్టారు. ఏడాదిన్నర దాకా ఏమీ రాలేదు. ఒక రోజు ఆఫీసు నుంచి వస్తూ నూట నలభై రూపాయలు చేతిలో పెట్టుకుని వచ్చారు. అవి హాలీ రూపాయలు, అంటే నిజాం సిక్కా. ఇండియా ప్రభుత్వపు కల్దార్ రూపాయల్లో చెప్పాలంటే నూట ఇరవై. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఆ రోజుల్లో సికింద్రాబాదులో చిన్నపిల్లలకు కూడా ఈ లెక్క వచ్చు.

"వాపసొచ్చింది," అని నాన్నగారు డబ్బు బల్ల మీద పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు.

నేను కార్డు తీశాను. నెల గడిలో నెల పేరు రాశాను. ఆదాయము గడిలో జీతం రాసి, దాని కింద 'పన్ను వాపసు 140' అని రాశాను. దశమభాగము గడిలో జీతపు పదోవంతు కింద 14 వేశాను. ఇందులో ఆలోచించడానికి ఏముంది? డబ్బు ఇంట్లోకి వచ్చింది. నాన్నగారు బయటికి వచ్చేసరికి కవరు అంటించడం కూడా అయిపోయింది. ఆయన చూసి తల ఊపారు.

ఆ ఏడే మా చెల్లెలు మెట్రిక్ ప్యాసయింది. దానికి డాక్టరు కావాలని కోరిక. అమ్మ కోడిని కోసినప్పుడు ఇది పక్కన కూర్చుని గుండె, కాలేయం, పేగులు విడివిడిగా పళ్లెంలో సర్ది మాకు పేర్లు చెప్పేది. "తొందరగా చెప్పవే, నూనె కాగుతోంది," అని అమ్మ అరిచేది. దక్షిణాన ఒక మిషన్ వైద్య పాఠశాల నుంచి ఉత్తరం వచ్చింది. సీటు ఇస్తాం, ఫీజు, భోజనం, వసతి అన్నీ ఉచితం అని రాశారు. ఒకటే షరతు. ఆ ఉచిత సీటు ఆదాయపు పన్ను కట్టని కుటుంబాల ఆడపిల్లల కోసం ఎవరో దాతలు ఏర్పాటు చేసింది. అందుకని తండ్రి పన్ను కట్టేవాడు కాదని పన్ను ఆఫీసు నుంచి ధ్రువపత్రం నెల రోజుల్లోగా పంపాలి. పంపకపోతే సీటు జాబితాలో తరువాతి అమ్మాయికి వెళ్తుంది. డబ్బు కట్టి చదివించే స్తోమతు మాకు లేదు.

అప్పటికి రాజ్యపు పన్ను చట్టం పోయి, కేంద్రపు చట్టం హైదరాబాదుకు కూడా కొత్తగా వర్తించింది. నాన్నగారి జీతం పన్ను పడే హద్దుకు ఏటికి తొంభై కల్దార్లు తక్కువ. కాబట్టి ధ్రువపత్రానికి అడ్డేమీ లేదనుకున్నాం. ఆదాయానికి రుజువు ఏదైనా ఉంటే తెమ్మని పన్ను ఆఫీసువాళ్లు అన్నారని నాన్నగారు కంపెనీ జీతం చీటీతో పాటు సంఘపు కార్డు కూడా జేబులో పెట్టుకున్నారు. దేవుని ముందు రాసిన లెక్క కంటే గట్టి రుజువు ఉంటుందని ఆయన అనుకోలేదు. నేనూ వెంట వెళ్లాను.

పన్ను ఆఫీసులో గుమాస్తా, పాత రాజ్యపు ఆఫీసులో ఉర్దూలో రాసి రాసి, ఇప్పుడు ఇంగ్లీషు ఫారాలతో తంటాలు పడుతున్న ఇక్కడి మనిషి. కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది సార్ ఇది? రేషన్ కార్డా?"

"మా చర్చి కార్డండి. నాకు వచ్చిన ప్రతి పైసా ఇందులో ఉంటుంది."

"ప్రతి పైసానా!" గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఎవరడిగిండ్రు సార్ మిమ్మల్ని? జీతం చీటీ ఇస్తే సరిపోతుండె. గిసుంటివి ఇంట్ల పెట్టుకోవాలె గని, సర్కారు దఫ్తర్ల చూపిస్తరా?"

కానీ కార్డు అప్పటికే బల్ల మీద ఉంది. లోపలి గదిలో అధికారి మద్రాసు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మర్యాదగానే మాట్లాడాడు. కార్డును వేలితో వరుసగా చదువుకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు.

"ఈ నూట నలభై ఏమిటండీ?"

"రాజ్యానికి కట్టిన పన్ను వాపసొచ్చిందండి."

"అంటే కల్దార్లో నూట ఇరవై. మీ జీతం హద్దుకు తొంభై తక్కువ. ఇది కలిపితే ముప్పై ఎక్కువ."

"అది ఆదాయం కాదండి. నా డబ్బే నాకు తిరిగొచ్చింది."

"ఉండవచ్చు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడండి, ఇందులో ఒకటే ప్రశ్న. ఆ పన్ను కట్టిన ఏడు, మీ లెక్కలో దాన్ని ఖర్చు కింద తీసేసి ఆదాయం తగ్గించి చూపించుకున్నారా? చూపించుకుని ఉంటే, అప్పుడు తగ్గించుకున్నది ఇప్పుడు తిరిగొచ్చింది కాబట్టి ఇది ఆదాయమే. చూపించుకోలేదా, అయితే కాదు. మీ మాట నిజమే."

"చూపించుకోలేదండి."

"దానికి కాగితం?"

నాన్నగారి దగ్గర కాగితం లేదు. ఆ ఏటి లెక్క ఆయన దాఖలు చేసింది పాత రాజ్యపు ఆఫీసులో, ఉర్దూలో. నకలు తీసుకోలేదు.

"ఆ కాగితం లేనప్పుడు నాకు కనబడేది ఇదే కదండీ," అని అధికారి కార్డు మీద వేలు పెట్టాడు. "ఇక్కడ 'ఆదాయము' అని అచ్చులో ఉంది. దాని కింద ఈ వాపసు రాశారు. రాయడమే కాదు, పదోవంతు ఇచ్చారు కూడా. పక్కన మూడో మనిషి సంతకం ఉంది. మీరే ఆదాయమని దేవుడికి చెప్పి, కాదని నాకు చెబితే ఎలా?"

నాన్నగారు కార్డు చేతిలోకి తీసుకుని లేచారు.

బయటికి వచ్చాక గుమాస్తా మమ్మల్ని వరండా చివరికి తీసుకుపోయాడు.

"సాబ్ మంచోడే సార్. గని కాగితం మనిషి. పన్నెంత పడ్తది? రెండు మూడు రూపాయలు. కట్టి పారేయుండ్రి."

"పన్ను కాదయ్యా. కడితే నేను పన్ను కట్టేవాణ్ని అవుతాను. నా కూతురి సీటు పోతుంది."

"అరె!" అని అతను తల గోక్కున్నాడు. "దేవునికి పదోవంతు ఇస్తిరి, ఇగ మిగిలిన తొమ్మిదొంతులకు మా సాబ్ తగిలిండు." తరువాత కార్డు నాన్నగారి చేతిలోంచి తీసుకుని అన్నాడు, "ఒక పని చేయుండ్రి. ఈ వాపసు అన్న కాడ కొట్టేసి 'కానుక' అని రాయుండ్రి. కానుక ఇచ్చుడు వేరే, ఆదాయంల పదోవంతు ఇచ్చుడు వేరే. నేను చూడలే అనుకుంట."

"పక్కన కోశాధికారి సంతకం ఉంది. ఆయన సంతకం పెట్టాక నేను మాట మారిస్తే, అది ఆయన చేత అబద్ధం ఆడించినట్టు."

"ఇంతకీ ఎవరు రాసిండ్రు సార్ దీన్ని? జెర ఆలోచన జేసి రాస్తే ఈ తక్లీఫ్ ఉండకపోవు."

నేను నోరు తెరిచాను. నాన్నగారు నాకంటే ముందు, "నేనే," అన్నారు.

ఇంటికి వచ్చాక నేను నా పాత నోటుపుస్తకాలు తీశాను. కార్డులో ఎక్కించే ముందు నేను వేసుకునే చిత్తు లెక్కలు అందులో ఉంటాయి. పన్ను కోసిన ఆ ఏటి నెలలన్నీ వరుసగా చూశాను. నాన్నగారు అప్పుడు చేతికొచ్చిన జీతంలో కాక, పన్ను కోయక ముందున్న పూర్తి జీతంలోనే పదోవంతు ఇచ్చారు. 'సర్కారు కోసుకున్నది కూడా నేను సంపాదించిందే,' అని అప్పుడు నాతో అన్న మాట కూడా డైరీలో ఉంది. అంటే ఆ నూట నలభైకి పదోవంతు ముందే వెళ్లిపోయింది. తిరిగొచ్చినప్పుడు మళ్లీ ఇవ్వనక్కరలేదు. అధికారి అడిగిన ప్రశ్న నేను కార్డు రాసేటప్పుడే వేసుకోవలసింది. అప్పుడు తగ్గించుకున్నామా లేదా అని. తగ్గించుకోలేదు. కాబట్టి అది ఆదాయము గడిలోకి రానే రాకూడదు.

నాన్నగారికి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ప్రతి నెలా చూశారు.

"అయితే ఆ పద్నాలుగు రూపాయలు రెండోసారి ఇచ్చామన్నమాట."

"ఇచ్చేశాంగా. ఇప్పుడు దేవుణ్ణి వాపసు అడుగుతారా?" అంది అమ్మ.

"ఆయన వాపసిస్తే, వీడు దాంట్లోనూ పదోవంతు తీస్తాడు," అన్నారు నాన్నగారు. చెల్లెలు పకపకా నవ్వింది. అప్పటికింకా పద్దెనిమిది రోజులున్నాయి. నోటుపుస్తకం చూపిస్తే పని అయిపోతుందని మాకందరికీ నమ్మకం.

అధికారి నోటుపుస్తకం ఓపికగా చూశాడు. "మీ అబ్బాయి చక్కగా రాశాడండీ. నాకు అర్థమైంది కూడా. కానీ ఇంట్లో రాసుకున్న పుస్తకం మీద ధ్రువపత్రం ఇవ్వలేను. ఆ పాత దాఖలా కావాలి, లేదా బయటి మనిషి సాక్ష్యం."

బయటి మనిషి అంటే మా సంఘపు పాస్టరు అయ్యగారే. ఆయన విషయమంతా విని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, వెంటనే ఉత్తరం రాసి కవరు అంటించి నా చేతికిచ్చారు. అంటించిన కవరు విప్పి చదవడం మర్యాద కాదని నేను విప్పలేదు. అధికారి విప్పి చదివాడు. 'ఈ సహోదరుడు తన ఆదాయమంతటిలోను దశమభాగమును నమ్మకముగా చెల్లించుచున్నాడని సాక్ష్యమిచ్చుచున్నాను' అని ఉంది. అధికారి 'ఆదాయమంతటిలోను' అన్న మాట కింద పెన్సిలుతో సన్నగా గీత గీసి, ఉత్తరం మా వైపు తిప్పాడు.

ఇక మిగిలింది పాత దాఖలా. "ఆ కాగితాలన్నీ ఉర్దూల ఉన్నయి సార్," అన్నాడు గుమాస్తా. "దఫ్తర్ మారినప్పుడు మూటలు గట్టి ఏ కమరాల ఏసిండ్రో. నేను చూస్త, పరేషాన్ కాకుండ్రి."

పాపం, నిజంగానే చూశాడు. ప్రతి మూడో రోజూ ఆఫీసు వదిలే వేళకు నేను వెళ్లేవాణ్ని. అతను దుమ్ము కొట్టుకుపోయిన చేతులతో బయటికి వచ్చేవాడు. ఒకసారి ఎవరిదో అత్తరు దుకాణం లెక్క దొరికింది. ఒకసారి నాన్నగారి పేరే ఉన్న ఇంకో మనిషిది దొరికి, ఇద్దరం ఒక నిమిషం సంతోషపడ్డాం. నాకు ఉర్దూ చదవడం రాదు కాబట్టి నేను లోపలికి వెళ్లి సాయం చేసే వీలు కూడా లేదు. వరండాలో నిలబడి, లోపల మూటలు కిందపడే చప్పుడు వింటూ ఉండేవాణ్ని. చెల్లెలు మాత్రం ఇంట్లో రేకు పెట్టెకు కొత్త తాళం కొనిపించుకుంది. 'మూటలు: ఇరవై మూడు అయినవి. ఇంకా ఎన్నో తెలియదు' అని ఒకనాటి డైరీలో ఉంది.

గడువు నాలుగు రోజులుందనగా నాన్నగారు పాఠశాలకు తంతి కొట్టారు, ఇంకొంత సమయం ఇమ్మని. జవాబు రాలేదు. గడువు ముందురోజు అధికారి జిల్లాలకు క్యాంపు వెళ్లాడు. గుమాస్తా తనంతట తానే ఒక తెల్లకాగితం మీద ఉన్న సంగతంతా రాసి, దాఖలా వెతుకుతున్నామని సంతకం పెట్టి ఇచ్చాడు. ముద్ర వేసే అధికారం అతనికి లేదు. నాన్నగారు దాన్ని రిజిస్టర్డు పోస్టులో పంపించారు. పది రోజులకు అదే కాగితం వెనక్కి వచ్చింది. దానికి గుచ్చిన చీటీ మీద సీటు వేరొకరికి ఇచ్చామనీ, విచారిస్తున్నామనీ రాశారు. అచ్చు వేసిన చీటీ అది, పేరు మాత్రం చేత్తో రాశారు.

చెల్లెలు ఆ రోజు అన్నం తిన్నది. మరుసటి రోజు పెట్టెలోంచి బట్టలు తీసి మళ్లీ కొయ్యకు తగిలించింది. అమ్మ రెండు వారాలు కోడిని కోయలేదు.

మూడు నెలల తరువాత గుమాస్తా తానే వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. దాఖలా దొరికింది. మా మాట అక్షరాలా నిజం, నాన్నగారు ఆ పన్నును ఎక్కడా తగ్గించి చూపించుకోలేదు. వాపసు ఆదాయం కాదని అధికారి ఉత్తర్వు రాసి, ధ్రువపత్రం మీద సంతకం చేసి, ముద్ర వేసి పంపించాడు.

"ఆలస్యమైంది సార్, ఏమనుకోకుండ్రి," అని గుమాస్తా గుమ్మంలోనే నిలబడ్డాడు. అమ్మ అతనికి కాఫీ ఇచ్చింది. నాన్నగారు అతని చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

చెల్లెలు అప్పటికే బొల్లారంలో ఒక చిన్న బడిలో పంతులమ్మగా చేరింది. వారానికి ఒకసారి ఇంటికి వచ్చేది. నాన్నగారు ఆ ధ్రువపత్రం దానికి చూపించమని నన్ను పంపారు, తాను వెళ్లలేదు. బస్సు దిగి బడికి వెళ్లేసరికి మధ్యాహ్నం విరామం. అది మెట్ల మీద కూర్చుని పలకలు తుడుస్తోంది. కాగితం రెండుసార్లు చదివింది.

"ముద్ర బాగా పడింది," అంది.

నేను ఎన్నాళ్లుగానో చెప్పాలనుకుంటున్నది అప్పుడు చెప్పబోయాను. "కార్డులో అది రాసింది నాన్నగారు కాదు..."

"తెలుసు. నాలుగు అంకెకు తల మూసి రాసేది మన ఇంట్లో నువ్వే."

"ఎప్పుడు చూశావు?"

"మీరు ఆఫీసు నుంచి వచ్చిన రోజే. కార్డు బల్ల మీద పెట్టారుగా. నాన్న వచ్చి, 'నేను రాశానమ్మా, తొందరపడ్డాను,' అన్నారు. సరే నాన్నా అన్నాను."

"నాన్నగారికి చెప్పావా, నీకు తెలుసని?"

"ఎందుకు? ఆయన కష్టపడి ఆ తప్పు నీ మీది నుంచి తన మీద వేసుకున్నారు. నేను దాన్ని తీసేస్తే ఆయనకు మన కోసం చెయ్యడానికి ఇంకేం ఉంది, అన్నయ్యా?"

గంట కొట్టారు. చెల్లెలు ధ్రువపత్రం మడిచి నా చేతికిచ్చి, పలకలన్నీ ఒళ్లోకి ఎత్తుకుని లోపలికి వెళ్లింది. లోపల పిల్లలు ఎక్కం చెప్పడం మొదలుపెట్టారు. నేను ధ్రువపత్రం జేబులో పెట్టుకుని, బస్సు వేళ అయిందని బయలుదేరాను.